గులాబీ రంగు లోటు

మా ఆఫీసు ఒక కుక్కగొడుగు కోసం నిక్షేపంలాంటి సంసారాన్ని విడదీసిందని బస్టాండు దగ్గర టీకొట్లో చెప్పుకుంటున్నారు. నేను ఆ ఆఫీసుకు సూపరింటెండెంటుని. అక్కడే బెంచీ మీద కూర్చుని చెవులారా విన్నాను. టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

మొదటి సంగతి, అది కుక్కగొడుగు కాదు, పగడపు పుట్టగొడుగు. మేము ఆ మనిషి బదిలీ ఆపింది కూడా పుట్టగొడుగు కోసం కాదు, దాని రంగు కోసం. ఇక సంసారం సంగతంటారా, అది ముందు నుంచీ విడివిడిగానే ఉంది. మేము కలవనివ్వలేదు, అంతే. ఇంత చిన్న తేడాలు కూడా తెలియనివాళ్లు ప్రభుత్వ కార్యాలయాల గురించి నోరు విప్పకూడదని నా అభిప్రాయం. జరిగింది జరిగినట్టు చెబుతాను. తప్పెవరిదో మీరే తేల్చుకోండి.

మాది చిలకమెట్ట ఫారెస్ట్ డివిజన్. ఆఫీసు గోడ దాటితే అడవే. అయినా మా సిబ్బందిలో సగం మంది అడవిని క్యాలెండరు మీద తప్ప చూడలేదు. ఆ పరిస్థితిలో మాకు కొత్త డివిజన్ అధికారిగా చక్రధర్ గారు వచ్చారు. ఏదో చల్లని ఊళ్లో ట్రెయినింగ్ అయి, ఒక టోపీ, ఒక భూతద్దం, తలగడంత రంగుల పుస్తకం వెంట తెచ్చుకున్నారు. వచ్చిన రోజే మీటింగు పెట్టారు.

"అడవిని కాపాడుతున్నాం అంటున్నారు. బాగుంది. కానీ అడవిని ఐడెంటిఫై చేశారా? ఐడెంటిఫై చేయని వస్తువును ఏ పేరుతో కాపాడతారు?" అన్నారు.

అంచేత ప్రతి శనివారం పొద్దున్న 'అడవి నడక' తప్పనిసరి అయింది. కనిపించినదల్లా గుర్తించాలి, గుర్తించినదల్లా నివేదించాలి. క్యాషియరు ఫ్లాస్కుతో వచ్చేవాడు, టైపిస్టు హవాయి చెప్పులతో వచ్చేది, నేను మోకాళ్లకు నూనె రాసుకుని వెళ్లేవాణ్ణి. మా ముందు దారి చూపిస్తూ నడిచేవాడు సన్యాసినాయుడు.

ఈతమానువలస సెక్షన్ ఆఫీసరతను. నెమ్మదైన మనిషి. భార్య హేమసుందరి రాజాంలో టీచరు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ అక్కడ, ఇతను ఇక్కడ. పేరు పెట్టినవాళ్లు ముందే ఊహించారేమో అనేవాడు మా క్యాషియరు. భార్యాభర్తలను ఒకచోట ఉంచాలన్న నిబంధన కింద ఏటా బదిలీకి దరఖాస్తు పెట్టేవాడు. ఏటా దాన్ని నేనే పైకి పంపేవాణ్ణి. ఏటా అది ఎక్కడో పైనే ఉండిపోయేది. సెలవు దొరికినప్పుడు రాజాం వెళ్లి, కూతురికి జీళ్లు కొనిపెట్టి వచ్చేవాడు. తిరిగి బస్సెక్కేటప్పుడు ఆ పిల్ల చెయ్యి ఊపి "మళ్లీ రండి" అనేదట, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు. ఈ మాట అతను నవ్వుతూ చెప్పేవాడు. మేమూ నవ్వాం. తర్వాత ఎందుకు నవ్వామా అనిపించింది.

ఆ వానాకాలంలో ఒక శనివారం, వెదురు డొంక దాటాక అతను ఆగాడు.

"సార్, ఇటు రండి. కాలు జాగర్త. తొక్కీగలరు."

పడిపోయిన మాను పక్కన, కుళ్లిన ఆకుల్లోంచి జానెడు ఎత్తున లేచి ఉంది. గొడుగూ లేదు, కాడా లేదు. అడుగున తెల్లగా, లావుగా మొదలై, కొమ్మకు రెండు కొమ్మలు చీలుతూ, కొసకు వచ్చేసరికి లేత గులాబీ. సముద్రంలో పగడాలు ఎదిగే తీరు అదేనట. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. టైపిస్టు "అమ్మా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. క్యాషియరు మాత్రం క్యాలీఫ్లవర్ అన్నాడు.

చక్రధర్ గారు మోకాళ్ల మీద కూర్చుని టోపీ తీశారు. "ఐడెంటిఫై చేయకుండా ఇక్కణ్ణుంచి ఎవరూ కదలడానికి వీల్లేదు" అన్నారు.

పుస్తకం తెరిచాం. పగడపు పుట్టగొడుగులకే ఒక అధ్యాయం ఉంది. పేజీల నిండా ఒకే తల్లి పిల్లల్లాంటి బొమ్మలు. కొన్ని నేలలో పుడతాయట, కొన్ని కుళ్లిన కర్రలో. కొన్నిటి కొసలు మొద్దుగా ఉంటాయి, కొన్నిటివి చిన్న కిరీటాల్లా విచ్చుకుంటాయి. కొన్ని నలిపితే రంగు మారతాయి. కొన్ని తినవచ్చు, కొన్ని తింటే చెంబు చేతిలోంచి దిగదు. కచ్చితంగా తేలాలంటే ఒక ముక్కను రాత్రంతా కాగితం మీద ఉంచి, రాలిన పొడి ఏ రంగో చూసి, ఆ పొడిని మైక్రోస్కోపు కింద పెట్టాలని రాసి ఉంది. మా దగ్గర కాగితం ఉంది, మైక్రోస్కోపు లేదు. అంత ఓపికా లేదు. పేజీ తిప్పబోయేవేళకు జీపులో టిఫిను వచ్చింది. పక్క పేజీలో ఏముందో ఆ రోజు ఎవరూ చూడలేదు.

టిఫిను చల్లారిపోతున్నందువల్ల చక్రధర్ గారు ప్రజాస్వామ్య పద్ధతి ప్రతిపాదించారు. చేతులెత్తమన్నారు. మూడో బొమ్మ భారీ మెజారిటీతో గెలిచింది. క్యాషియరు తన అసమ్మతిని రికార్డు చేయమన్నాడు. చేశాం.

ఇక్కడి నుంచి పని నాది. మా శాఖలో ఒక పాత ఆచారం ఉంది. శాఖవాళ్లు డ్యూటీ మీద కనుగొన్నది ఏదైనా శాఖ ఆస్తి. శాఖ ఆస్తి ఏదైనా స్టాకులోకి ఎక్కాలి, దానికి నంబరు పడాలి, దానికొక కస్టోడియన్ ఉండాలి. కస్టోడియన్ ఆ వస్తువును తన తర్వాత వచ్చినవాడికి చూపించి, అప్పగించి, సంతకం తీసుకుంటే తప్ప కుర్చీలోంచి లేవకూడదు. దుంగలకు, డేరాలకు, చేతిపంపులకు ఇదే పద్ధతి. పుట్టగొడుగుకు వేరే పద్ధతి ఉందని నాకెవరూ చెప్పలేదు. టార్చిలైట్లకూ ప్లాస్టిక్ కుర్చీలకూ మధ్య రాశాను. పగడపు పుట్టగొడుగు, గులాబీ, ఒకటి. పరిస్థితి: మంచిది. కస్టోడియన్: కనుగొన్నవారు, అనగా సన్యాసినాయుడు.

పుట్టగొడుగు మీద నంబరు వేయడానికి బ్రష్షు నిలవలేదు కాబట్టి పక్కనున్న మాను మీద తెల్ల పెయింటుతో వేయించాం. ఆస్తి వానకు తడవకూడదని రూలు. అంచేత పైన రేకుల పందిరి వేయించాం. వాన ఆగిపోయింది, పుట్టగొడుగు మీద. ఎండ మాత్రం పక్కనుంచి పడుతూనే ఉంది. ఎండ గురించి రూల్లో ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే అద్భుతం జరిగింది. సన్యాసినాయుడి దరఖాస్తు పైనుంచి ఊడిపడింది. రాజాం బదిలీ! అతను ఆఫీసంతా మిఠాయి పంచాడు. నా చేతిలో రెండు లడ్డూలు పెట్టి, "ఇక సాలండి సూపరింటెండెంట్ గారూ. ఇన్నాళ్లకి ఇంటి బువ్వ" అని, కళ్లు తుడుచుకున్నాడు. అతని స్థానంలోకి గోదావరి వైపు నుంచి ప్రేమానందం వచ్చాడు. పెళ్లి కాలేదు, పెద్ద గొంతు, మనిషి మంచివాడే. కాకపోతే చార్జి తీసుకోవడం దగ్గర మహా జాగ్రత్త. ఎప్పుడో ఒకచోట కళ్లతో చూడని నిచ్చెనకు సంతకం పెట్టి, ఆ నిచ్చెన ఏదని అడిగినవాళ్లకు సంవత్సరాల తరబడి జవాబు చెప్పుకున్నాడట.

ఇద్దరూ ఒక్కొక్క వస్తువే చూసుకుంటూ అడవిలోకి వచ్చారు. అప్పగింత దగ్గర నేనూ ఉండాలి కాబట్టి ఉన్నాను. రేకుల పందిరి కింద ప్రేమానందం వంగి చూశాడు.

"గులాబీ ఏదండీ?" అన్నాడు.

పుట్టగొడుగు ఉంది. కొమ్మలూ ఉన్నాయి. కానీ అట్టు మాడినప్పటి రంగులోకి వచ్చింది. కొసల దగ్గర కూడా గులాబీ లేదు.

"ముదిరిపోనాదండి. రంగు దిగిపోయింది. అయితేటి, అదే ఇది" అన్నాడు సన్యాసినాయుడు.

"అదే అని మీరంటున్నారండి. కాయితం మీద గులాబీ అని ఉందండి. ఇది గోధుమ రంగండి బాబూ. రేపు ఎవడో వచ్చి ప్రేమానందం, గులాబీ ఏం చేసుకున్నావ్ అంటే నేను ఏ పూలకొట్లో తేవాలండి? ఆయ్, నేను తీసుకోనండి."

న్యాయంగా చూస్తే అతని వాదనలో లోపం లేదు. నేను ఆఫీసుకు వెళ్లి పుస్తకంలో ఆ పక్క పేజీ తిప్పాను. 'వయసు పెరిగేకొద్దీ గులాబీ రంగు వెలిసి గోధుమ రంగు వచ్చును' అని స్పష్టంగా ఉంది. పుస్తకం పట్టుకుని చక్రధర్ గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన చదివి, మూసి, నా చేతికిచ్చారు.

"ఇది ప్రైవేటు ప్రచురణ. దీనికి ఉత్తర్వు బలం లేదు. మన స్టాకులో గులాబీ అని మనమే రాశాం. మన మాట నమ్మాలా, పుస్తకం మాట నమ్మాలా?" అన్నారు.

మెమో వెళ్లింది. 'తమ కస్టడీలో ఉన్న వస్తువునందలి గులాబీ రంగు ఏ పరిస్థితులలో లోటు పడినదో, అందుకు బాధ్యులెవరో వివరించవలెను.' సన్యాసినాయుడు ఎండ వల్ల అని జవాబు రాశాడు. సూర్యుడు ఈ శాఖ ఉద్యోగి కానందున అతనిపై బాధ్యత మోపుట సాధ్యము కాదని మేము తిరుగు జవాబిచ్చాం. రంగు ఎంత మేర లోటు పడిందో కొలవడానికి ఒక కమిటీ వేశాం. కమిటీ పెయింట్ల దుకాణం నుంచి రంగుల కార్డు తెప్పించుకుని అడవికి బయలుదేరింది.

కమిటీ వెళ్లేసరికి పందిరి ఉంది, పెయింటు నంబరు ఉంది, పుట్టగొడుగు ఉండాల్సిన చోట జిగటగా ఏదో ఉంది. దాని మీద ఈగలు ఉన్నాయి.

ఇప్పుడు లోటు పడింది రంగు ఒక్కటే కాదు. వస్తువే లేదు.

పోయిన వస్తువును స్టాకులోంచి కొట్టేయడానికి కూడా మా దగ్గర పద్ధతి ఉంది. పనికిరాదని ధ్రువీకరించే కమిటీ ఒకటుంటుంది. అయితే కమిటీ ఎదుట వస్తువును హాజరు పరచాలి. లేని వస్తువు పనికివస్తుందో రాదో ఎవరు మాత్రం చెప్పగలరు? అంటే, ఆ పుట్టగొడుగు లేదని తేల్చడానికి ఆ పుట్టగొడుగు కావాలి. సన్యాసినాయుడు నా బల్ల ముందు నిలబడి ఇదంతా విన్నాడు.

"మరి నానేటి సెయ్యాలండి?" అన్నాడు.

"వచ్చే వానల దాకా ఆగాలయ్యా" అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

అతను రిలీవ్ కాలేడు. ప్రేమానందం చార్జి తీసుకోడు, వెనక్కీ వెళ్లలేడు. అంచేత ఒక సెక్షన్‌కు ఇద్దరు ఆఫీసర్లు, ఒక బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఉన్నది ఒక్కటే క్వార్టరు కాబట్టి ఇద్దరూ అందులోనే సర్దుకున్నారు. ప్రేమానందం వంట చేసేవాడు, సన్యాసినాయుడు గిన్నెలు తోమేవాడు. చూసినవాళ్లు ఒక సంసారం అయితే కుదిరిందిలే అనేవారు.

హేమసుందరి వేసవి సెలవుల్లో వచ్చింది. కూతుర్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నేరుగా చక్రధర్ గారి గదిలోకి నడిచింది. ఆవిణ్ణి ఆపబోయి నేనూ వెనకాలే వెళ్లాను.

"నా మొగుణ్ణి ఎందుకాపినారో నాకు అర్థమయ్యేలాగ సెప్పండి సార్" అంది.

"అమ్మా, ఇది బయోడైవర్సిటీ ఆస్తుల కస్టోడియల్ బాధ్యతకు సంబంధించిన సున్నితమైన..."

"కుక్కగొడుగు కదండి?"

"పగడపు పుట్టగొడుగు."

"సరే, అదే. అది కుళ్లిపోనాది. కుళ్లిపోవడం దాని పనండి. మా స్కూల్లో ఒకటో తరగతి పిల్లని అడిగినా సెప్తాది. మా పిల్ల వాళ్ల నాన్నని బస్సెక్కించి మళ్లీ రండి అంటాదండి. అది నాన్నంటే ఆదివారం వచ్చే మనిషనుకుంటంది. ఇదేటి మీ రూల్లో రాసుకున్నారా?"

చక్రధర్ గారు కిటికీలోంచి అడవివైపు చూశారు. "మీ ఆవేదనను ఈ కార్యాలయం సానుభూతితో నమోదు చేసుకుంటుంది" అన్నారు. నాకు చాలా బాధ వేసింది. నిజంగానే వేసింది. ఎక్కడ నమోదు చేయాలో మాత్రం తెలియలేదు, దానికి మా దగ్గర ఫారం లేదు.

వానలు మొదలయ్యాయి. ఆ ఏడు అడవి నడక శనివారాలతో ఆగలేదు. మిగతా పని పక్కన పెట్టి డివిజనంతా పగడపు పుట్టగొడుగుల మీద పడింది. నేను కూడా నడుం వంచి ఆకులు కదిలిస్తూ తిరిగాను. ఒప్పుకోవాలి, కళ్లు అలవాటు పడ్డాక అవి అన్నిచోట్లా కనిపించాయి. పసుపువి, గంధం రంగువి, వేళ్లలా నిలువుగా ఉన్నవి, చీపురుకట్టలా గుబురుగా ఉన్నవి. ఒకటి ఊదా రంగులో ఉంది. టైపిస్టు దాని పక్కన కూర్చుని లేవనంది. కనిపించినదల్లా స్టాకులో రాయవద్దని నేను అందరి కాళ్లూ పట్టుకున్నంత పని చేశాను. మాకు కావలసింది ఒక్కటే, గులాబీ.

చివరికి అది దొరికింది. ఎక్కడో కాదు, తెల్ల పెయింటు నంబరు ఉన్న మాను పక్కనే. పందిరి రేకులు ఎవరో పట్టుకుపోయారు కాబట్టి వాన బాగా పడింది, అది బాగా లేచింది. నిరుటికంటే ఏపుగా, కొసలు నిగనిగలాడుతూ. సన్యాసినాయుడు దాని ముందు చతికిలబడి చేతులు జోడించాడు. ప్రేమానందం కూడా వంగి చూసి, "గులాబీయేనండి. తీసుకుంటానండి. కలం ఇవ్వండి" అన్నాడు.

కలం ఇస్తున్నాను. అప్పుడు చక్రధర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది ఆ వస్తువేనని ఏమిటి నమ్మకం? అదే జాతి అని నిపుణుడు సర్టిఫై చేయాలి. పోయినసారి చేతులెత్తి గుర్తించామని ఆడిట్ వాళ్లు నవ్వారు."

యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ కామేశం గారిని పిలిపించాం. గులాబీ వెలిసిపోకముందే రావాలని జీపు పంపాం. ఆయన సన్నగా, హుషారుగా ఉన్నారు. మానును, నంబరును, మమ్మల్ని ఎవరినీ చూడలేదు. "ఆహా!" అంటూ చాకు తీసి, పుట్టగొడుగును మొదలంటా కోసి పైకెత్తారు. సన్యాసినాయుడి నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది.

ప్రొఫెసరు గారు ఒక కొమ్మ విరిచి వాసన చూశారు. ఒకటి నలిపి రంగు చూశారు. ఒకదాని మీద మందుచుక్క వేశారు. ఒక కొస కొరికి, చేదుందేమోనని చప్పరించి ఉమ్మేశారు. మిగిలినదాన్ని నిలువునా చీల్చి, కాగితాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నారు, పొడి రాల్చి మైక్రోస్కోపులో చూడాలి కదా.

"కచ్చితంగా గుర్తించాలంటే ఇదే పద్ధతి" అన్నారు ఆనందంగా.

సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది. అది మూడో బొమ్మలో ఉన్న జాతే, సందేహం లేదు. గుర్తింపు పూర్తయింది. వస్తువు కూడా పూర్తయింది. పైగా మా స్టాకులో లోటున్నది ఎంత అపురూపమైన వస్తువో ఇప్పుడు చేతికి రుజువు దొరికింది. చక్రధర్ గారు సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గదిలో వేలాడదీశారు. ప్రేమానందం నా కలం నాకు తిరిగి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం సన్యాసినాయుడు ఫోను సిగ్నలు దొరికే గుట్ట ఎక్కి చాలాసేపు మాట్లాడాడు. దిగి వచ్చాక ముఖం తేటగా ఉంది.

"మా ఆవిడే ఇటొచ్చీస్తానంటందండి" అన్నాడు.

ఈతమానువలస బడికి రాకుండా సెలవు పెట్టినవాళ్లే తప్ప, అక్కడికి పంపమని అడిగినవాళ్లు అంతవరకు లేరు. హేమసుందరి దరఖాస్తు చూసి విద్యాశాఖవాళ్లు ముందు అనుమానపడ్డారట, తర్వాత ఆవిడ మనసు మార్చుకునేలోగా ఆర్డరు చేతిలో పెట్టారట. అత్తవారిచ్చిన బీరువా, కుట్టుమిషను, పిల్లతో సహా లారీలో దిగింది. ప్రేమానందం తన ట్రంకుపెట్టె తీసుకుని చెక్‌పోస్టు గదిలోకి మారాడు. భోజనానికి మాత్రం క్వార్టరుకే వచ్చేవాడు. పిల్లకు గోదావరి పాటలు నేర్పేవాడు. నేను ఒకసారి తనిఖీకి వెళ్లినప్పుడు సన్యాసినాయుడు గుమ్మంలో కూర్చుని కూతురికి జడ వేస్తున్నాడు. వంకరగా వచ్చింది. పిల్ల విప్పించి మళ్లీ వేయించుకుంది. ఆ మనిషి అంత సంతోషంగా ఉండగా నేను అంతకుముందు చూడలేదు.

ప్రభుత్వం ఇలాంటివి ఎక్కువకాలం చూస్తూ ఊరుకోదు. పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ ఉత్తర్వు తేదీ నాటికి స్టాకులో ఉండి, ప్రస్తుతము కానరాని సమస్త శిలీంధ్రములు సహజ మరణము పొందినట్లు భావించవలెను. తత్సంబంధిత కస్టోడియన్లను తక్షణమే వారి బదిలీ స్థానములకు రిలీవ్ చేయవలెను.' ఇంత సరళమైన ఉత్తర్వు నా సర్వీసులో చూడలేదు. చక్రధర్ గారు సంతకం చేసి నా చేతికిచ్చారు.

"మన కార్యాలయపు మానవీయ దృక్పథానికి ఇది నిదర్శనం. సన్యాసినాయుడు రేపే రాజాంలో చేరాలి" అన్నారు.

"సార్, వాళ్లావిడ ఇప్పుడు ఇక్కడ..."

"అది వేరే శాఖ" అన్నారు.

ఆర్డరు సంచిలో పెట్టుకుని నేనే బయలుదేరాను. దారంతా వాన. క్వార్టరులో హేమసుందరి అట్లు పోస్తోంది. పిల్ల పలక మీద ఏదో గీస్తోంది. ప్రేమానందం అప్పటికే పళ్లెం ముందున్నాడు. సన్యాసినాయుడు నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివాడు. చదివి, గోడకు ఆనుకున్నాడు.

"రాజాం. నానొక్కణ్ణీ" అన్నాడు మెల్లగా.

హేమసుందరి పెనం దించి, చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకుంది. టీచరు కదా, పైనుంచి కిందదాకా చదివింది, మళ్లీ పైకి వెళ్లి చదివింది. ఏడుస్తుందని నేను భయపడ్డాను. ఆవిడ ప్రశ్న అడిగింది.

"సూపరింటెండెంట్ గారూ, ఇది ఇంతవరకూ స్టాకులో ఉన్నవాటికేనా? ఇకమీద దొరికినవాటిక్కూడానా?"

"ఉన్నవాటికేనమ్మా. తేదీ వేశారు కదా."

"ఈ ఆర్డరు అందినట్టు ఈయన సంతకం పెట్టాలేమో?"

"పెట్టాలి. పెడితేనే అందినట్టు."

"ఇంకా పెట్టలేదు కదండి?"

"లేదమ్మా."

ఆవిడ కాగితం మడిచి నా చేతికిచ్చింది. నా ముందు టీ గ్లాసు పెట్టింది. "ఇది తాగతండండి. ఇప్పుడే వచ్చీస్తాం" అని, మేకుకు వేలాడుతున్న గొడుగు తీసుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని వానలోకి నడిచింది. ఒక్క గొడుగు కింద ఇద్దరూ వెదురు డొంక వైపు వెళ్లడం కిటికీలోంచి కనిపించింది. నేను టీ తాగాను. ప్రేమానందం ఇంకో అట్టు తనే పోసుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ముద్దగా తడిసి ఉన్నారు. గొడుగు మడిచే ఉంది. సన్యాసినాయుడు నా ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"డ్యూటీ మీద ఉండగా ఒకటి కనిపించిందండి. పగడపు పుట్టగొడుగు."

నేను ఖాళీ గ్లాసు కింద పెట్టాను. "రంగు?" అన్నాను.

"గులాబీయండి" అంది హేమసుందరి వెనకనుంచి. "కొసలైతే మరీను."

"పాత మాను దగ్గరేనా?"

"కాదండి, ఎగువన. వాన తగ్గినాక సూపిస్తాం" అన్నాడు.

నేను వానవైపు చూశాను. అది తగ్గేలా లేదు. కస్టోడియన్ చూస్తే చాలు, సూపరింటెండెంటు కూడా చూసి తీరాలని రూలు ఎక్కడా లేదు. నాకు రూళ్లన్నీ తెలుసు. సంచిలోంచి కాగితం తీసి రాశాను. పగడపు పుట్టగొడుగు, గులాబీ, ఒకటి. పరిస్థితి: మంచిది. కస్టోడియన్: సన్యాసినాయుడు. ఇక చివరి లాంఛనంగా ప్రేమానందం వైపు తిరిగి, కొత్త వస్తువుతో సహా చార్జి తీసుకోవడానికి సమ్మతమేనా అని అడిగాను.

అతను అట్టు తుంచుతూ అడిగాడు. "ఏం రంగన్నారండీ?"

"గులాబీ."

"రేపటికి వెలిసిపోద్దండి. తెలిసి తెలిసి నేనెలా తీసుకుంటానండి బాబూ?" అని, హేమసుందరి వైపు పళ్లెం చాపాడు. "ఆయ్, ఇంకోటి వేయండి."

సంతకం లేని ఆర్డరు సంచిలో అడుగున పెట్టుకుని లేచాను. పిల్ల గుమ్మం దాకా వచ్చింది. నాకు చెయ్యి ఊపి, "మళ్లీ రండి" అంది. వాళ్ల నాన్న లోపల తల తుడుచుకుంటున్నాడు.